దర్శి బండికి కనిగిరి ఇంజను

దర్శి నుంచి గిద్దలూరు వెళ్లాలంటే బస్సులో ఒక పూట ప్రయాణం. మేము సొంత బండిలో వెళ్లాం కాబట్టి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో చాలావరకు బండి కదలనే లేదు. కదిలినప్పుడు కూడా సగం దారి తాడు చివర కదిలింది. అయినా వెళ్లొచ్చినవాళ్లు వెళ్లనివాళ్లకు చెప్పకుండా ఉండలేరు కాబట్టి చెబుతున్నాను. ఆ వైపు చూడవలసిన గుళ్లేమిటి, చెరువులేమిటి అని మాత్రం నన్ను అడగకండి. నేను చూసినవి ఒక మెకానిక్ షెడ్డు, రెండు వంటిళ్లు, బండి కిందికి దూరిన మా ఆయన కాళ్లు.

మా ఆయన సంగతి ముందే చెప్పాలి. మాది తెనాలి. ఆయన ఊరి బయట నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేశారు. మిల్లు మూతపడిన రోజు చొక్కా గుండీలు తెగి, చెంప మీద గోరు గీతతో ఇంటికి వచ్చారు. గేటు దగ్గర ఏదో జరిగింది. ఏం జరిగిందండీ అని అడిగితే "ఏముంది" అన్నారు. మర్నాడు అడిగాను, మరుసటి నెల అడిగాను. "ఏముంది." ఆ తరవాత ఆ ఒక్క మాటను కూడా పొదుపుగా వాడటం మొదలుపెట్టారు. రెండేళ్లపాటు మా ఇంట్లో గొంతు ఉన్నవి నేనూ, టీవీ, కుక్కరూ. వేళాకోళంగా రాస్తున్నాను గానీ ఆ రెండేళ్లూ నాకు భయంగానే ఉండేది. కంచం ముందు కూర్చున్న మనిషి రోజురోజుకీ దూరం జరుగుతుంటే ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలిసేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోనులో ఒక పాత వ్యాను బొమ్మ చూపించి "కొందామా?" అన్నారు. ఏనుగును చూపించి అడిగినా ఆ క్షణంలో సరేననేదాన్ని. లోపల మంచం, పొయ్యి పెట్టుకునే బల్ల ఉన్నాయట, ఎక్కడికైనా వెళ్లి అందులోనే పడుకోవచ్చట. ఒక్కటే లోపం, ఇంజను పనిచెయ్యదు. ఇల్లు కొంటూ పునాది లేదని చెప్పినంత తేలిగ్గా చెప్పారు ఆ సంగతి.

దర్శి: వాకిట్లో నిలబడిన ఇల్లు

బండి దర్శికి దగ్గర్లో ఒక పల్లెలో ఉంది. అక్కడి క్రైస్తవ కుటుంబాలవాళ్లు పాస్టరును అయ్యగారు అనీ, ఆయన భార్యను అమ్మగారు అనీ పిలుస్తారు. అయ్యగారు ఈ వ్యానులో ఊరూరా తిరిగి, సువార్త చెప్పి, రాత్రికి అందులోనే పడుకునేవారట. ఆయన పోయారు. అమ్మగారికి వాకిట్లో బండి మిగిలింది.

బండిది గుండ్రటి మొహం, పెద్ద కళ్లు, ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యని రకం. లోపల మడత మంచం, నీళ్ల డ్రమ్ము, మైకు తగిలించే కొక్కెం. పక్కన రేకు మీద నీలి రంగుతో పెద్ద వాక్యం రాయించారుగానీ ఎండకు అంతా వెలిసిపోయి ఒకే మాట మిగిలింది: "రండి". ఎవరు రావాలో, ఎందుకు రావాలో బండి చెప్పదు.

అమ్మగారు జొన్న రొట్టె, నాటుకోడి కూర పెట్టారు. మా వైపు అన్నం పెట్టకపోతే భోజనం పెట్టినట్టు లెక్క కాదు. ఇక్కడ మూడు రొట్టెలయ్యాక అన్నం గిన్నె తెచ్చారు. అప్పటికి నాకు చోటు లేదు. మా ఆయన మాత్రం వంచిన తల ఎత్తకుండా అదీ తిన్నారు.

"మీ ఆయన ఏందమ్మా, అస్సలు మాట్లాడడు?" అన్నారు అమ్మగారు వంటింట్లో నాతో.

"మాట్లాడరండీ."

"మా అయ్యగారు నోరు మూసుకుంటే నాకు జరమొచ్చేది. మైకు లేకున్నా ఆయనే మైకు." కొంగుతో కళ్లు తుడుచుకుని, "పోయినాక ఇల్లు ఇట్ల అయిపోతాదని అనుకోలా" అన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మనిషి ఉండగానే ఇల్లు అలా అయిపోతుందని ఆమెకు చెప్పలేదు.

బయల్దేరేముందు బండి మొహం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా పేర్లు, తెనాలి పేరు, నాలుగు టైర్లు, వెనక ఉన్న అయిదో టైరు, దేన్నీ వదల్లేదు.

ఆ వ్యానుకు సొంత కంపెనీ ఇంజను ఇప్పుడు దొరకదు. మార్కాపురంలో మస్తాన్ అనే మేస్త్రీ ఉన్నాడని అమ్మగారే నంబరు ఇచ్చారు. ఫోను నేనే చేశాను, మా ఇంట్లో ఫోన్లు చేసేది నేనే కాబట్టి.

"దానికి సొంత కంపెనీదే కావాలంటే ఈడు దాటిపోతాదక్కా" అన్నాడు మస్తాన్. "వేరే కంపెనీది చేస్కుందాం. కనిగిరిలో ఒక జీపు ఇంజనుండాది. మంచి సంబంధం. నేను పొదిలి కాడికి వచ్చి కలుస్తా, చూసొద్దాం."

పెళ్లిచూపులకని చెప్పి ఒక ట్రాక్టరు వెనక తాడుతో కట్టి బండిని పొదిలికి బయల్దేరదీశాం.

పొదిలి, కనిగిరి: నీళ్ల క్యాను కింద ఇంజను

తాడు చివర ప్రయాణం చెయ్యనివాళ్లకు ఒక సలహా. ట్రాక్టరు ఆగినప్పుడు మీ బండి కూడా ఆగాలని గుర్తుపెట్టుకోండి. ఆ సంగతి మా ఆయనకు మొదటి స్పీడు బ్రేకరు దగ్గర తెలిసింది. ట్రాక్టరు ట్రాలీకి పెద్దగా ఏమీ కాలేదు. మా బండికి ఒక కన్ను పోయింది.

పొదిలి చేరేసరికి మేము చుట్టాలమైపోయాం. తెనాలిలో ముక్కూమొహం తెలియనివాళ్లు మేడమ్ అంటారు, సార్ అంటారు. ఇక్కడ టీ కొట్టు అబ్బాయి అక్కా అన్నాడు, పూలమ్మే ఆమె వదినా అంది, బస్టాండులో ఒక ముసలాయన "ఏం కోడలా, యావూరు?" అన్నాడు. మా ఆయన ఒకరికి మామ, ఒకరికి బావ, ట్రాక్టరు డ్రైవరుకు చిన్నాయన. నోరు విప్పని మనిషికి ఇంతమంది బంధువులు ఎలా పుట్టుకొచ్చారో చూడండి.

బండిని, ట్రాక్టరును పొదిలిలో ఆపి, మస్తాన్ తెచ్చిన ట్రాలీ ఆటోలో కనిగిరి వెళ్లాం. మస్తాన్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చెప్పేది సగం కూడా అవకముందే "అయిపోయినట్టే అనుకో" అంటాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఇంకో రోజు పడుతుందని నేను తరవాత లెక్కగట్టుకున్నాను.

ఇంజను ఒక ఇంటి వసారాలో ఉంది. జీపు ఎప్పుడో పాత ఇనుముగా పోయింది. ఇంజను మాత్రం గోడ పక్కన నిలబడి మంచినీళ్ల క్యానును మోస్తోంది. ఆ వైపు బోరు నీళ్లు తాగడానికి పనికిరావు, ప్రతి ఇంట్లోనూ క్యానే. ఇంటి పెద్దావిడ క్యాను కొళాయి తిప్పి మాకు నీళ్లిచ్చి, విషయం విని, చేతులు నడుం మీద పెట్టుకుంది.

"కొడుకు అమ్ముతానన్యాడు సరే. దీన్ని తీస్కపోతే నా క్యాను యాడ పెట్టుకోవాల?"

"స్టూలు కొనుక్కో పెద్దమ్మా" అన్నాడు మస్తాన్.

"స్టూలు ఊగుతాది. ఇది ఊగదు. నేను ఇయ్యను."

మస్తాన్ నచ్చజెప్పాడు, దేవుడి మీద ఒట్టేశాడు, అయిపోయినట్టే అనుకో అని నాతో అన్నాడు. పెద్దమ్మ ఇంజను పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నేను చుట్టూ చూస్తే మా ఆయన లేరు. ఇక ఇదీ అయిపోయింది, ఈ మనిషి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయి ఉంటారనుకున్నాను.

కాసేపటికి ఆయన, ట్రాలీ డ్రైవరు కలిసి దొడ్డి వైపు నుంచి ఒక విరిగిన రాతి స్తంభం ముక్కను మోసుకొచ్చారు. దాన్ని గోడ పక్కన నిలబెట్టి, కింద చెక్కముక్క దోపి, అటూ ఇటూ ఊపి చూసి, క్యాను ఎత్తి దాని మీద పెట్టారు. కొళాయి కింద చెంబు పట్టేంత ఎడముందో లేదో కూడా చూశారు. అప్పుడు పెద్దమ్మ వైపు తిరిగి "ఇది ఊగదమ్మా" అన్నారు.

రెండు మాటలు, అదీ అడగకుండా! నాకు పెద్దమ్మను కౌగిలించుకోవాలనిపించింది. ఆమె ఒకసారి క్యానును తోసి చూసి, "తీస్కపో నాయనా" అని లోపలికి వెళ్లి, కుంకుమ తెచ్చి ఇంజనుకు బొట్టు పెట్టింది. అప్పగింతలకు తక్కువేమీ జరగలేదు, మజ్జిగ కూడా ఇచ్చింది.

మార్కాపురం దారి: ఇద్దరు ప్రయాణికులు

పొదిలికి తిరిగొచ్చి ఇంజనును మా బండిలోనే, మంచం పక్కన, పడుకోబెట్టాం. ట్రాక్టరు డ్రైవరు టీ తాగుతుండగా ఒక ఆమె బండి పక్కన రాసిన మాట చదివి, దోసకాయల గంపతో సహా లోపలికి ఎక్కి మంచం మీద కూర్చుంది.

"మార్కాపురం పోతాదా వదినా?"

"పోతుందిగానీ ఇది సర్వీసు బండి కాదండీ. దీనికి ఇంజనే లేదు."

ఆమె పక్కకు చూసింది. "ఇదేంది మరి?"

"అదే ఇంజను."

"ఉండాదంటివి, లేదంటివి. పోతాదా, పోదా?"

పోతుందన్నాను. ఊరు రాగానే ఆమె దిగి, ఛార్జీ ఇవ్వబోయి, నేను వద్దంటే నాలుగు దోసకాయలు మంచం మీద పెట్టి వెళ్లింది. ఆ రోజు మా బండి సంపాదన అదే. రాత్రికి మస్తాన్ షెడ్డు వెనక మా పొయ్యి మీద ఆ దోసకాయలతో పప్పు చేశాను. వాటిలో ఒకటి చేదు.

మార్కాపురం: పలక

మార్కాపురం పలకల ఊరు. మీరూ నేనూ అఆలు దిద్దిన పలక ఈ నేలలోంచి వచ్చిందే అయ్యుంటుంది. మస్తాన్ షెడ్డుకు వెళ్లే దారిలో గోడలవారగా పలకరాయి ముక్కలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి.

ఇక మా ఇంజను కథ. ఒక కంపెనీ ఇంజను తెచ్చి ఇంకో కంపెనీ గేర్‌బాక్సుకు తగిలిస్తే బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. రెంటి మధ్య ఒక మందపాటి ఇనప రేకు పెట్టి, అటువైపు రంధ్రాలు అటు, ఇటువైపువి ఇటు కుదిరేలా కోయించాలి. మస్తాన్ అట్టముక్క మీద కొలతలన్నీ గీసి, రంధ్రాలు కత్తిరించి, టౌనులోకి వెళ్తున్న ఆటో అతనికి ఇచ్చాడు.

"ఈ అట్ట ప్రకారం పలక కోయించకరా. బొక్కలు కరెక్టుగా రావాల, ఎంట్రుకవాసి తేడా రాగూడదు" అన్నాడు. నాతో "అయిపోయినట్టే అనుకో" అన్నాడు.

మస్తాన్ ఉద్దేశం ఇనప పలక. పంపాలనుకున్నది ఇనుము కోసే లేతు షాపుకి. కానీ మార్కాపురంలో పలక కోయించుకురా అంటే ఎవరైనా ఎక్కడికి వెళతారు?

సాయంత్రానికి ఆటో వచ్చింది. పేపరులో చుట్టిన కట్ట విప్పితే లోపల నల్లగా, నున్నగా, అంచులు అరగదీసిన రాతి పలక. ప్రతి రంధ్రమూ అట్ట మీద ఉన్నచోటే ఉంది. పలక కదా అని చుట్టూ చెక్క చట్రం కూడా బిగించారు. కొసరుగా రెండు బలపాలు.

"ఏంది సామీ ఇది?" అన్నాడు మస్తాన్.

"పలక అంటివి గదన్నా."

"ఇంజనుకు! ఇంజనుకు పలక!"

"ఇంజనుకని నువ్వు చెప్పలా. బడికేమో అనుకుంటి."

"బళ్లో యాడన్నా ఇన్ని బొక్కలుండే పలక మీద రాస్తారా?"

ఆటో అతను కాస్త ఆలోచించాడు. "ఇప్పుడు చదువులు మారినాయంట గదన్నా."

బండి కింద నుంచి ఒక శబ్దం వచ్చింది. రేడియేటరు కారుతోందనుకున్నాను. వంగి చూస్తే మా ఆయన వెల్లకిలా పడుకుని నవ్వుతున్నారు. కడుపు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతూ, మాట రాక కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వు విని రెండేళ్లయింది. నేను షెడ్డు వెనక్కి వెళ్లి, దోసకాయ తొక్కలు పారేస్తున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

మర్నాడు లేతు షాపుకి ఆ రాతి పలకనే నమూనాగా పంపారు. అసలు అట్టముక్కను ఆ మధ్యలో మేక తినేసింది మరి. ఇనప పలక వచ్చింది. ఇంజను కూర్చుంది. కూర్చున్నాక తెలిసిందేమిటంటే కనిగిరి ఇంజను దర్శి బండి ఊహించిన దానికన్నా పొడుగు. ఆ వ్యానులో ఇంజను ముందు సీట్ల మధ్యలో, ఒక రేకు మూత కింద ఉంటుంది. ఆ మూత ఇక పడదు. మస్తాన్ దాని మీద తడిపిన గోనెసంచులు కప్పి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బిస్మిల్లా అని తాళం తిప్పాడు. అమ్మగారి ప్రార్థన, పెద్దమ్మ బొట్టు, మస్తాన్ బిస్మిల్లా, ఇన్ని అందాక పాపం ఏ ఇంజనైనా ఏం చేస్తుంది? నాలుగోసారికి అంటుకుంది.

షెడ్డు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"శబ్దం కొంచెం ఉంటాదక్కా!" అని నా చెవి దగ్గర అరిచాడు మస్తాన్. సెల్ఫు మోటారు ఇంకా సరిగ్గా కుదరలేదట, ఒకసారి ఆపితే మళ్లీ అంటుకుంటుందన్న నమ్మకం లేదట, గిద్దలూరులో వాళ్ల బామ్మర్ది షెడ్డులో అది సరిచేయించుకోవాలట. "గిద్దలూరు దాకా ఎక్కడా ఆపొద్దు! అయిపోయినట్టే అనుకో!"

కాగితాల్లో ఇంజను నంబరు మార్పించడం ఇంకో యాత్ర. దాన్ని గురించి రాస్తే ఎవరూ చదవరు.

కంభం మీదుగా: ఊ కొట్టడం

కంభం చెరువు చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. కంభం దాటాను. చెరువు చూడలేదు. బండి ఆగకూడదు కదా. కుడివైపు నల్లమల కొండలు మాతోబాటు వస్తున్నాయి, ఆ మోతకు అవి కూడా కాస్త ఎడంగా జరిగినట్టు కనిపించాయి. గోనెసంచుల్లోంచి ఆవిరి, డీజిలు వాసన. నా పళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి.

మార్కాపురం దాటిన కాసేపటికి మా ఆయన పెదవులు కదలడం చూశాను. పాట పాడుకుంటున్నారనుకున్నాను. పాట అయితే నా వైపు తిరిగి తిరిగి చూడరు. మాట్లాడుతున్నారు! బతుకంతా నూలు యంత్రాల మోతలో మాట్లాడిన మనిషి. ఆ మోత పోయాక నిశ్శబ్దంలో ఆయనకు గొంతు పెగల్లేదేమో, ఇప్పుడు ధారాళంగా వస్తోంది. నాకు మాత్రం ఒక్క ముక్క వినపడటం లేదు.

చెవి దగ్గరగా పెట్టాను. గోనె వేడి తగిలిందిగానీ మాట అందలేదు. అప్పుడు ఆయన స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి చొక్కా గుండీలు పట్టుకుని లాగినట్టు చూపించారు. తరవాత చెంప చూపించారు. ఆ రోజు సంగతి చెబుతున్నారు. గేటు దగ్గరి సంగతి.

వినపడటం లేదని అరవచ్చు. అరిస్తే ఆగిపోతారు. బండి ఆపించవచ్చు. ఆపితే మళ్లీ అంటుకోదు, బండీ, ఆయనా. ఇంకోసారి అడిగితే ఏం జవాబు వస్తుందో నాకు తెలుసు. చిన్నప్పుడు మా నాయనమ్మ కథ చెబుతూ, మేము ఊ కొట్టకపోతే మధ్యలోనే ఆపేసి గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఊ కొట్టడం మొదలుపెట్టాను.

గొంతు వినపడదు కాబట్టి తల ఊపాను. ఆయన నుదురు ముడిపడిన చోట నుదురు ముడేశాను. స్టీరింగును అరచేత్తో కొట్టిన చోట అయ్యో అన్నాను. కంభం దగ్గర ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు పెదవులు కదిలాయి, ఆ పేరేమిటో తెలియలేదు. ఆ పేరు దగ్గర ఆయన ఏడ్చారు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, భుజానికి మొహం తుడుచుకుంటూ, చెబుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దేనికని అడిగితే చెప్పలేను. కళ్లు తుడుచుకుని మళ్లీ ఊ కొట్టాను.

గిద్దలూరు: ఉగ్గాని

గిద్దలూరులో మస్తాన్ బామ్మర్ది షెడ్డు పక్కనున్న హోటలు ముందు ఆయన తాళం తిప్పారు. ఇంజను ఆగింది. ఎదురుగా ఎవరో గ్లాసులు కడుగుతున్న చప్పుడు నాకు చాలాసేపటి దాకా అందలేదు.

మేము మరమరాలు అనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నానబెట్టి తాలింపు వేసి ఉగ్గాని చేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ. మా ఊళ్లో ఒక టిఫిను ధరకు ఇక్కడ ఇద్దరం తిన్నాం. మా ఆయన మొదటి ప్లేటు మాట్లాడకుండా తిని, రెండో ప్లేటు చెప్పారు. రెండేళ్ల తరవాత ఆయన అడిగి రెండోసారి పెట్టించుకున్నది అదే.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, విన్నాక నువ్వు నన్ను ఎలా చూస్తావోనని" అన్నారు. గొంతు బొంగురుపోయింది. "చెప్పేశాను. ఇంకెవరికీ చెప్పను. నీక్కూడా మళ్లీ చెప్పలేను."

నేను తల ఊపాను. ఊపడం అప్పటికి బాగా అలవాటయింది.

ఆయన బజ్జీ ముక్కను ప్లేటులో అటూ ఇటూ జరిపారు. తరవాత నా కళ్లలోకి చూశారు. "నిజం చెప్పు. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?"

హోటలు అతను టీ తెచ్చి పెట్టి వెళ్లాడు. నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

"మీరు చేసిందే చేసేదాన్ని" అన్నాను.

"నిజంగా?"

"నిజంగానే."

ఆయన అంతమంది ముందు, నూనె అంటిన చేత్తోనే, నా చెయ్యి పట్టుకున్నారు. ఇంటికొచ్చాక కూరగాయల ధర గురించి, పక్కింటివాళ్ల మోటారు గురించి, నా ఉప్పు చెయ్యి గురించి మాట్లాడుతూనే ఉన్నారు. కొన్ని పూటలు ఇక ఆపండి బాబూ అనాల్సి వస్తోంది. నేను రాసేవి ఆయన ఎప్పుడూ చదవరు కాబట్టి మీతో ఈ సంగతి చెప్పగలుగుతున్నాను. ఆ రోజు మిల్లు గేటు దగ్గర ఆయన ఏం చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.